ఆరు సిలిండర్ల స్వయంవరం

ముందుగా ఇంద్రకీలాద్రి మీది దుర్గమ్మకు దండం. ముందద్దం మీద ఆ తల్లి బొమ్మ లేని లారీ బెజవాడలో దొరకడం కష్టం. ఆ వెంటనే విఘ్నేశ్వరుడికి. ఇంజను విప్పినప్పుడు సరిపోయిన బోల్టులు బిగించేటప్పటికి నాలుగు మిగలడం, మిగిలినా బండి నడవడం ఆయన లీలలే. ఇష్టదేవతా స్తుతి అయింది కాబట్టి ఇక పూర్వకవులు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఒంటి సిలిండరు యంత్రంతో పండితులను మెప్పించిన రుడాల్ఫ్ డీజిల్ ఈ కావ్యానికి ఆదికవి. 1954లో మెర్సిడెస్ బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టిన టాటాలు ఆ కావ్యాన్ని దేశభాషలోకి తెచ్చినవారు. ఆ పొత్తు 1969లో తీరిపోయింది, బండి ముక్కు మీది నక్షత్రం కూడా పోయింది. పేరు మాత్రం పోలేదు. పాత డ్రైవర్లు టాటా బండిని చాలాకాలం బెంజి లారీ అనే అన్నారు. బెంజి సర్కిల్‌కు ఆ పేరు అలా వచ్చిందేనని ఊళ్ళో చెబుతారు.

ఇక్కడే కుకవినింద కూడా చెయ్యాలని ప్రబంధ మర్యాద. కానీ మన కథలో కుకవులు పెళ్ళిపందిట్లోనే ఎదురవుతారు. ఆ తిట్లు అప్పటికి దాచుకుందాం.

ఇక పురవర్ణన. పటమట దాటి బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు లోపలికి తిరిగితే అదే అలకాపురి, అదే అమరావతి. (అసలు అమరావతిని ఏటికి అవతల ఒడ్డున కడుతున్నారు, అది వేరే కావ్యం.) ఈ పురంలో సౌధాలు లేవు, చాసిస్‌ల మీద సగం లేచిన క్యాబిన్లున్నాయి. తోరణాలకు మామిడాకుల్లేవు, కొట్ల ముందు వేలాడే ఫ్యాన్ బెల్టులున్నాయి. వెన్నెల కావాలంటే రాత్రి దాకా ఆగక్కర్లేదు, మిట్టమధ్యాహ్నమే వెల్డింగు రాడ్డు చివర కాస్తుంది. కోకిల పాత్రకు ఎయిర్ హారన్ రిపేరు చేసే కుర్రాడు సిద్ధం. మదగజాలు కావలసినవారికి పన్నెండు టైర్ల బళ్ళు, వాటి గండస్థలాల నుంచి మదజలానికి బదులు గేరాయిలు. పూలమ్మే పుష్పలావికల చోట నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి అమ్మే ముసలమ్మ. ఇక చతుర్వర్ణాల సంగతి: ఇంజను మేస్త్రీలు, బాడీ కట్టే వడ్రంగులు, టింకరింగు వాళ్ళు, కమాన్‌కట్టల వాళ్ళు. ఎవరి ధర్మం వారిది. ఇంజను మేస్త్రీ కట్టల జోలికి పోడు. కట్టల మేస్త్రీ ఇంజను వైపు చూడనైనా చూడడు, చూసినా పెదవి విరుస్తాడు. జవహర్ ఆటోనగర్ అని దీని పూర్తి పేరు. ఆసియా ఖండంలోనే ఇంతది లేదని పురజనులంటారు. ప్రబంధాల్లో పురజనులు ఎప్పుడూ అలాగే అంటారు. 2014లో దేవా కట్టా ‘ఆటోనగర్ సూర్య’ తీసి నాగచైతన్యను ఈ ఊరి నాయకుణ్ణి చేశారు గానీ, ఈ పురాన్ని నిజంగా ఏలేది మాత్రం ఇంజనే.

మన కథలో ఆ ఇంజను నాయిక. పేరు 697. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, 128 మిల్లీమీటర్ల స్ట్రోకు, వెరసి 5,675 సీసీ. పుట్టినిల్లు జర్మనీ, మెట్టినిల్లు జంషెడ్‌పూర్, కాపురమంతా కోస్తా రోడ్ల మీద. నున్న మార్కెట్ మామిడికాయ, కైకలూరు చేప, గుడివాడ బియ్యం, ఈమె మొయ్యని బరువు లేదు. ఎండలో బ్రహ్మపురం దాటింది, వానలో గూడూరు దాటింది, ఓవర్‌లోడుతో ఎక్కడెక్కడ ఏ చీకట్లో దాటిందో అది డ్రైవరుకీ చెక్‌పోస్టుకీ మధ్య విషయం.

కావ్యానికి అష్టాదశ వర్ణనలు ఉండాలంటారు ఆలంకారికులు. మాకు చాలావరకు ముందే సమకూరాయి. మధుపానం: నాయిక కొన్నాళ్ళుగా ఆయిలు తాగుతోంది, దారిపొడవునా డబ్బా దగ్గర పెట్టుకుని పోస్తూ పోవలసిందే. జలక్రీడ: హెడ్ గ్యాస్కెట్ ఊది నీళ్ళు ఆయిల్లోకి దిగాయి, డిప్‌స్టిక్ తీస్తే పాలకాఫీ రంగు. ఋతువర్ణన, అంటే వానాకాలం: సైలెన్సరు గొట్టంలోంచి నీలిపొగ మబ్బులు. నల్లపొగైతే డీజిలు ఎక్కువని, తెల్లపొగైతే నీళ్ళో కాలని డీజిలో అని, నీలిపొగైతే ఆయిలు కాలుతోందని ఈ పురంలో పసిపిల్లలకు కూడా తెలుసు. బ్రీదర్ గొట్టం దగ్గర చెయ్యి పెడితే నిట్టూర్పులు వేడిగా, ఉండుండి తగులుతున్నాయి. రింగులు అరిగితే పేలుడు గాలి కిందికి దిగి అలా బయటపడుతుంది. మేస్త్రీ అరచెయ్యి తుడుచుకుని ఒక్క మాటన్నాడు: “బోరుకొచ్చిందండి.” కావ్యంలో ఇది పూర్వరాగం.

చైన్ బ్లాకు కట్టి ఇంజను దించారు. నాయికకు, చాసిస్‌కు విరహం మొదలైంది. హెడ్డు ఒకచోట, సంపు ఒకచోట, పిస్టన్లు ఆరూ వరసగా గోనెపట్టా మీద. ఇత్తడి పళ్ళెం బదులు అడ్డంగా కోసిన డ్రమ్ములో, పన్నీటికి బదులు డీజిల్లో క్రాంకుకు అభ్యంగన స్నానం జరిగింది. స్నానం చేయించిన చెలికత్తెలు ఇద్దరు హెల్పరు కుర్రాళ్ళు, మోచేతుల దాకా నలుపు. తర్వాత మైక్రోమీటరు వచ్చింది. ఈ నాయిక నడుము ఉందా లేదా అనే అస్తినాస్తివిచికిత్స కాదు, మిల్లీమీటరులో నూరో వంతు దాకా లెక్క ఉంది. జర్నల్స్ అరిగాయి, గ్రైండింగు చేసి 0.25 అండర్‌సైజు బేరింగులు వెయ్యాలి. లైనర్ల పైభాగంలో రింగు ఆగే చోట వేలు పెడితే గోరుకు మెట్టు తగులుతోంది. ఆరు లైనర్లూ మార్చాలి. పిస్టన్లూ, రింగులూ, పిన్నులూ మార్చాలి. వాల్వులు, గైడ్లు సరేసరి.

తర్వాత ఘట్టం మంత్రాలోచన. సభాస్థలి టీకొట్టు. సభాసదులు ఓనరుగారు, మేస్త్రీ, డ్రైవరు, ఎందుకొచ్చాడో ఎవరికీ తెలియని ఓనరుగారి బావమరిది.

“ఏం మేస్త్రీ, కంపెనీ సామానే వేద్దామా, బయటిది సరిపోద్దా?”

“తవరి ఇష్టమండి. చెప్పటం వరకే మా పని.”

అంటే చెప్పడానికి ఇంకా టైముంది అని. బావమరిది మాత్రం ఆగలేదు. “బావా, అంతా కంపెనీదే వెయ్యి. ప్రాణానికి హాయి” అన్నాడు. డబ్బు తనది కానప్పుడు ప్రాణానికి హాయి గురించి మాట్లాడటం సులువు. డ్రైవరు గ్లాసు కింద పెట్టి, “నాకు ఏదేసినా పర్లేదండి, ఘాటీలో ఆగకపోతే చాలు” అన్నాడు. సభలో రాజనీతి తెలిసినవాడు అతనొక్కడే.

స్వయంవర మంటపం ఒక స్పేర్‌పార్టుల కొట్టు. మూడు గోడలకూ కప్పు దాకా అరలు, అరల నిండా పెట్టెలు, పెట్టెల మధ్య గల్లాపెట్టె వెనక కొట్టాయన. శ్రీనాథుడి ‘శృంగార నైషధం’లో దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుగురూ నలుడి వేషంలోనే వచ్చి కూర్చుంటారు. అయిదుగురు నలుళ్ళు, ఒక్కటే ముఖం. వాళ్ళను పరిచయం చేస్తున్న సరస్వతీదేవి ఎవరినీ నొప్పించకుండా, అబద్ధమూ ఆడకుండా, ప్రతి మాటా రెండర్థాల్లో చెబుతుంది. మా కొట్టాయనకు ఆ విద్య పుట్టుకతో అబ్బింది. ఒకే రకం పిస్టన్ సెట్లు బల్ల మీద పేర్చి ఒక్కొక్క వరుణ్ణీ చేత్తో చూపిస్తూ మొదలుపెట్టాడు.

“ఇది కంపెనీదేనండి.” ఏ కంపెనీది అని అడిగినవాడు లేడు.

“ఇది ఒరిజినల్‌కి ఏమాత్రం తీసిపోదండి.” అంటే ఒరిజినల్ కాదు.

“ఈ మాలే జంషెడ్‌పూర్‌కి కూడా వెళ్తదండి.” మాలు వెళ్తుంది నిజమే. ఈ పెట్టెలోది వెళ్ళే రకమేనా అన్నది వేరే ప్రశ్న.

“దీనికి గ్యారంటీ నాదండి.” సరిగ్గా చెప్పాడు. తయారుచేసినవాడిది కాదు.

ఈ శ్లేషలు విప్పుకుంటూ పోతే వరులు నాలుగు తెగలని తేలుతుంది. మొదటివాడు లారీ కంపెనీ పేరున్న పెట్టెలో, హోలోగ్రాం కిరీటంతో వచ్చేవాడు. కులం, గోత్రం, పార్టు నంబరు అన్నీ పక్కా. కట్నం ఎక్కువ. రెండోవాడు అదే సరుకు పోసే తయారీదారు సొంత పేరుతో వచ్చేవాడు. లారీ కంపెనీలు తమ ఇంజనులో ప్రతి ముక్కా తామే పోసుకోవు. రింగులు, బేరింగులు, వాల్వులు, గ్యాస్కెట్లు ఆ పనిలోనే పుట్టి పెరిగిన కంపెనీల దగ్గర కొంటాయి. చెన్నైలో 1949 నుంచి ఉన్న ఇండియా పిస్టన్స్, రింగుల గోయెట్జె, హైదరాబాద్‌లో కూడా ఫ్యాక్టరీ ఉన్న రానే వాల్వులు, బైమెటల్ బేరింగులు, గ్యాస్కెట్ల టాల్‌బ్రోస్, నాజిళ్ళూ పంపులూ చేసే మైకో. 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నా మా మేస్త్రీలకు అది ఇంకా మైకోయే. మూడోవాడు రాజ్‌కోట్ లాంటి ఊళ్ళలో సొంత పేరు పెట్టుకుని, సొంత ముఖంతో వచ్చే లోకల్. ఒకోసారి మెరికలాంటివాడు దొరుకుతాడు, ఒకోసారి పీటల మీదే మూర్ఛపోతాడు. నాలుగోవాడు డూప్లికేట్.

రెండో తెగలో మా ఊరివాళ్ళు కూడా ఉన్నారు. బెజవాడ పక్కన అడవినెక్కలంలో కుశలవ వారి ఫ్యాక్టరీ. గిరగిరా తిరిగే అచ్చులో కరిగిన ఇనుము పోస్తే, ఆ విసురుకు అది అంచులకు చేరి గొట్టంలా గడ్డకడుతుంది. అలా తీసిన లైనర్లు ఇంజను కంపెనీలకూ వెళ్తాయి, విడిగా కొట్లకూ వస్తాయి, విదేశాలకూ ఓడెక్కుతాయి. తండ్రి సభలోనే నిలబడి తండ్రి కథనే పాడినా తండ్రి పోల్చుకోలేని పిల్లలు కుశలవులు. లైనర్ల కంపెనీకి అంతకన్నా తగిన పేరు ఏ పండితుడూ పెట్టలేడు. కంపెనీ పెట్టెలో కూర్చుంటే రాజకుమారులు, సొంత పెట్టెలో ఉంటే ఆశ్రమ బాలకులు, పాట అదే. ఒక చిన్న తేడా లేకపోలేదు. ఇంజను కంపెనీ తన సరుకును తన గేజీలతో ఇంకోసారి కొలిచి తీసుకుంటుంది, ఆ కొలతకు కూడా మనం డబ్బు కడతాం. కొట్లో కొన్నదాన్ని కొలవవలసినవాడు మన మేస్త్రీ.

ఇప్పుడు దాచుకున్న కుకవినింద. ఇతరుల పద్యానికి తన మకుటం తగిలించేవాడు చోరకవి. తన చచ్చు పద్యానికి మహాకవి మకుటం తగిలించే ఈ డూప్లికేట్‌గాడు వాడికన్నా నీచుడు. సిలికాన్ కలిసిన అల్యూమినియంతో పొయ్యాల్సిన పిస్టన్‌ను దొరికిన తుక్కు కరగేసి పోస్తాడు. పై రింగు గాడిలో ఉండవలసిన గట్టి లోహపు కట్టు ఎగ్గొడతాడు. బేరింగులో ఉక్కు వీపు, దాని మీద రాగి-సీసం పొర, ఆ పైన మిల్లీమీటరులో యాభయ్యో వంతు మెత్తని పూత ఉండాలి. వీడు ఆ పూతకు బదులు పాలిష్ కొట్టి ఊరుకుంటాడు. పెట్టె మాత్రం అసలుదానికన్నా నిగనిగలాడుతుంది, సొమ్మంతా దాని మీదే పెట్టాడు మరి. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం వీడికి ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా కారాగారం, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా రాసిపెట్టింది. నన్నడిగితే దానితోపాటు వీడి పిస్టన్లే వేసిన లారీలో క్లీనరుగా ఘాటీ ఎక్కించాలి.

దేవతలను దమయంతి ఎలా పోల్చుకుంది? వాళ్ళ రెప్పలు పడవు, చెమట పట్టదు, మెడలో పూలు వాడవు, పాదాలు నేలకు ఆనవు. మనకూ అలాంటి గుర్తులే ఉన్నాయి. పెట్టె మీది అక్షరాల అంచులు చెదిరాయా, కోడు గీకి ఫోనుకు చూపిస్తే ఏమంటుంది, పిస్టన్ మీది అంకెలు స్పష్టంగా దిగాయా లేదా. ఆరు పిస్టన్లనూ తక్కెడలో పెట్టించాడు మేస్త్రీ. మంచి సెట్టయితే ఆరింటి తూకం కొద్ది గ్రాముల తేడాతో నిలవాలి. తేడా పెరిగితే ఇంజను జీవితాంతం వణుకుతూనే ఉంటుంది. ఒక సెట్టులో అయిదో వరుడు మిగతా అయిదుగురికన్నా బొద్దుగా తేలాడు. కొట్టాయన తక్కెడను అనుమానించాడు. మేస్త్రీ ఏమీ అనకుండా ఆ సెట్టును బల్ల చివరికి తోశాడు. దేవతల వేషం అలా ఒకటి తొలగింది.

అసలు పరీక్ష షెడ్డులో జరిగింది. లైనర్లు ప్రెస్ చేయించి, హోనింగు పట్టించి తెచ్చిన బ్లాకు మీదికి వంగి, మేస్త్రీ పై రింగును వేళ్ళతో నొక్కి బోరులోకి దించాడు. లోపల అది వంకరగా కూర్చుంటుంది. పిస్టన్‌ను తలకిందులు చేసి దాని నెత్తితో రింగును కాస్త కిందికి తోశాడు, రింగు సమంగా సర్దుకుంది. బోరు గోడ మీద హోనింగు రాయి గీసిన గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ కనిపిస్తున్నాయి. ఆయిలు నిలిచేది ఆ గీతల్లోనే, అద్దంలా నునుపైతే రింగు ఎండిపోతుంది. ఇప్పుడు ఫీలర్ గేజి తీసి, రెండు కొసల మధ్య సందులోకి రేకు పెట్టాడు. 0.30 రేకు వదులుగా వెళ్ళింది. 0.35 రేకు వెళ్ళింది గానీ లాగుతుంటే సన్నగా పట్టింది. 0.40 వెళ్ళలేదు. మేస్త్రీ కనుబొమలు కిందికి దిగాయి, అంటే మెచ్చాడు. సందు మరీ తక్కువైతే వేడికి కొసలు ఢీకొని రింగు విరిగి లైనరును చెక్కేస్తుంది. మరీ ఎక్కువైతే పేలుడు గాలి కిందికి జారి మళ్ళీ మధుపానం మొదలు. మిగతా అయిదు బోర్లకూ అదే కర్మకాండ చేశాడు. ఈ తంతులో హోలోగ్రాం గురించి ఎవరూ అడగలేదు.

వరమాల ఎవరి మెడలో పడిందంటే, ఈ నాయిక ద్రౌపదికి తీసిపోలేదు. తీర్పు మేస్త్రీది, దాంట్లో ఒక సూత్రముంది: ముక్క ధర చూడొద్దు, అది పోతే దాని దాకా చేరడానికి ఎంత విప్పాలో చూడు. క్రాంకు వెనక ఆయిల్ సీలు ఎంతో కాదు, కానీ అది కారితే గేరుబాక్సు దించాలి, క్లచ్చు తియ్యాలి, బండి పడుకోవాలి. కాబట్టి సీలు కంపెనీది. బేరింగు పోతే క్రాంకును కూడా తీసుకుపోతుంది, కాబట్టి బేరింగులు, ఆయిల్ పంపు, హెడ్ గ్యాస్కెట్ కంపెనీవి. పిస్టన్లు, రింగులు, లైనర్లు, వాల్వులు తయారీదారు పెట్టెలోవి. అక్కడ కంపెనీ పెట్టెకు ఎక్కువ ఇవ్వడం పేరుకు ఇవ్వడమే అని నా అభిప్రాయం కూడా. రాకర్ కవరు కార్కు ప్యాకింగు, నీళ్ళ గొట్టాలు, క్లిప్పులు లోకల్. అవి కారితే డ్రైవరు కంటికి కనపడతాయి, రోడ్డు పక్కన స్పానరుతో బాగవుతాయి. ఈ లెక్క పాత మెకానికల్ పంపు ఇంజన్లకు. 2020 తర్వాతి బీఎస్-6 బళ్ళలో కంప్యూటరు మంత్రి ఉంటాడు, నాజిలు దగ్గర ఇంత స్వేచ్ఛ దక్కదు.

నలుడి కథలో పెళ్ళితో కష్టాలు తీరవు. స్వయంవరానికి ఆలస్యంగా వచ్చిన కలి కాచుకుని కూర్చుంటాడు. ఒకనాడు నలుడు కాళ్ళు సరిగ్గా కడుక్కోకపోతే ఆ చిన్న అశౌచంలోంచి లోపలికి దూరతాడు. ఇంజన్లకు కలి ఆయిల్ గ్యాలరీ. క్రాంకు గ్రైండింగులో, హోనింగులో రాలిన రాతిపొడి ఆ సన్నని దారుల్లో దాక్కుంటుంది. ప్లగ్గులు విప్పి, బ్రష్షు పెట్టి తోమి, గాలి కొట్టి కడగకుండా బిగిస్తే ఇంద్రుడి దగ్గర కొన్న బేరింగయినా మొదటి గంటలోనే గీతలు పడుతుంది. ఆ తర్వాత “కంపెనీదే వేశాం, అయినా పోయింది” అని ఆటోనగరంతా విలాపం. మా మేస్త్రీ హెల్పరు చేత గ్యాలరీ మూడుసార్లు కడిగించాడు. మూడోసారి కుర్రాడు గొణిగాడు. నాలుగోసారి కూడా కడిగించాడు.

ఆజి ఘట్టం, అంటే యుద్ధం. హెడ్డు బోల్టులు మధ్య నుంచి అంచులకు, విడతలు విడతలుగా, టార్కు రెంచి టక్కుమనే దాకా. ట్యాపెట్లు సరిచేశారు. పంపు టైమింగు గుర్తులు కలిపారు. హ్యాండు పంపు కొట్టి డీజిలు లైన్లో ఎయిర్ తీశారు. మంట పడే వరస 1-5-3-6-2-4, ఇదే ఈ కావ్యం ఛందస్సు. ఒక గణం తప్పితే పాదం కుంటుతుంది. మనం ఛందోభంగం అంటాం, డ్రైవరు మిస్సింగ్ అంటాడు. సెల్ఫు కొట్టాడు. దగ్గింది, తుమ్మింది, షెడ్డు నిండా తెల్లగా ఊదింది, నిలబడింది. అందరి కళ్ళూ ఆయిల్ ప్రెషరు ముల్లు మీద. ముల్లు లేచింది. బావమరిది చప్పట్లు కొట్టాడు. మేస్త్రీ చెవి ఆనించి విన్నాడు, కొబ్బరికాయ అప్పుడు కొట్టించాడు.

కొత్త కోడలిని వచ్చీరాగానే కట్టెల మోపు ఎత్తమనకూడదు కాబట్టి మొదట తేలిక లోడు, గేర్లు మారుస్తూ పరుగు. గంటలకొద్దీ ఐడ్లింగులో వదలకూడదు, రింగులు కూర్చోక బోరు నునుపెక్కుతుంది. మొదటి ఆయిలు తొందరగా దించాలి.

ఇక చివరి రణరంగం గల్లాపెట్టె.

“బిల్లుతోనా అండి, బిల్లు లేకుండానా?”

2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28. అయినా ఓనరుగారి చూపు ఆ పద్దెనిమిది మీదే నిలిచింది. మేస్త్రీ నెమ్మదిగా, “బిల్లు లేపోతే రేపు పిస్టన్ పగిలితే ఎవరినడుగుతారండి, నన్నా?” అన్నాడు. ఓనరుగారు బిల్లు రాయించారు. మేస్త్రీకి కొట్టాయన దగ్గర ఏదో ముట్టిందని బావమరిది చెవిలో వేశాడు. ముట్టే ఉంటుంది. ఘటకుడికి తాంబూలం ఇవ్వని పెళ్ళి ఎక్కడైనా ఉందా?

ఇది శ్రీమజ్జవహరాటోనగరీ నిరంతర సుత్తినాద ముఖరిత షెడ్డుప్రాంగణ సంచార, పిస్టన్‌రింగులైనరుబేరింగుగ్యాస్కెట్‌ప్రముఖ పరికర పరీక్షణ విచక్షణ, గ్రీజుపంకిల కరకమల మేస్త్రీవర కటాక్ష లబ్ధ విజ్ఞాన విధేయ లేఖక ప్రణీతంబైన షట్సిలిండర పరిణయంబను ప్రబంధంబునందు ప్రథమాశ్వాసము. కంకిపాడు దాకా ట్రయలు వేసి వచ్చిన డ్రైవరు మూడో గేరులో సన్నగా ఏదో కూత వినిపిస్తోందన్నాడు. అది ద్వితీయాశ్వాసం.